అకిందినోస్ అనే కేక

ఆ గ్రీకు ద్వీపంలో అకిందినోస్ అన్న పేరు ఆ ముసలాయన ఒక్కడికే మిగిలింది. మంటల్లో వేసినా చావని సాధువు పేరది. సాధుత్వం కాదు గానీ మొండితనం మాత్రం ఈయనకు అబ్బింది. కాఫీ కొట్టు ముందు కూర్చుని, మీసానికంటిన నురగ తుడుచుకుంటూ, కొత్తగా పుట్టిన మనవడికి తన పేరే పెట్టాలని దారినపోయేవాళ్ళందరికీ చెప్పేవాడు. తాత పేరు పెట్టడం ఆనవాయితీయే. కోడలు కలియోపి మాత్రం, "ఆ పేరుతో పిలిస్తే గాడిద పలుకుతుంది మామయ్యా!" అనేసింది. బాప్టిజంలో బిడ్డను ఎత్తుకుని పేరు పలికేది జ్ఞానతండ్రి. ముసలాయన అతనికి ముందురోజే పీకలదాకా సారా పోయించి మాట తీసుకున్నాడు. అంతే, చర్చిలో "అకిందినోస్!" అన్న కేక మోగింది. ఇప్పుడు పిల్లాడు గోడలెక్కే వయసుకొచ్చాడు. కలియోపి రోజూ మామ వైపే చూస్తూ కొడుకు మీద అరుస్తుంది: "ఒరేయ్ అకిందినోస్, గోడ దిగరా, దరిద్రుడా!" ముసలాయన తృప్తిగా కాఫీ చప్పరిస్తాడు. "విన్నావట్రా?" అంటాడు కొట్టువాడితో. "నేను పోయినా ఈ తిట్లు ఆగవు."