మూడు కాలనీల నోళ్ళు మూసిన గేటు

మూడు కాలనీల నోళ్ళు ఒక్క వేలితో మూయించిన మొనగాణ్ణి నేను. సమ్మె రోజుల్లో కూడా మావాళ్ళు అంత నిశ్శబ్దంగా ఉండలేదు. ఆ ఘోరం ఎలా జరిగిందో చెప్తాను. నవ్వొస్తే నవ్వండి, మా ఇంట్లోవాళ్ళు ఎలాగూ ఆపడం లేదు.

అప్పటికి నాకు అరవై దాటింది గానీ బుద్ధికి ఇంకా మీసాలు రాలేదు. గోదావరిఖని బొగ్గుబావుల్లో పనిచేసిన ముసలివాళ్ళం ముచ్చట్లు పెట్టుకుంటామని మా కోడలు సునీత ముందుగదిలో పాత కంప్యూటర్ మీద ఒక సైటు పెట్టింది. శ్రీరాంపూర్ వాళ్ళకు వాళ్ళ సైటు, రామగిరి వాళ్ళకు వాళ్ళది. ఎవరి పొయ్యి వాళ్ళదే, కూర మాత్రం గోడ మీదుగా అందుతుంది: ఒక సైటులో రాసిన ముచ్చట మిగతావాటికీ చేరుతుంది. అందరి మీదా దొర అంటూ ఎవడూ లేడు. రిటైరయ్యాక అక్షరాలు దిద్దిన నన్ను, పెద్దవాణ్ణని, మా సైటుకు కాపలా పెట్టారు.

ఒకరోజు వేల దొంగ కంప్యూటర్లు ఒక్కసారే దాని మీద పడ్డాయి, జాతరనాడు బస్సు మీద పడ్డట్టు. మా పెట్టె కూలబడింది.

"పెద్ద కంపెనీ గేటు ఒకటుంది మామా," అంది సునీత. "ముందర పెడితే గీ గుంపునంత ఆపుతది. పైసలు గూడ వద్దంటరు. కాని మన ప్రతి ముచ్చట వాళ్ళ చేతుల మీదికెళ్ళే పోతది. కవరు విప్పి, చూసి, మళ్ళ అంటించి పంపుతరు."

"విప్పితే ఏమైతది?"

"చాటుముచ్చట్లుంటయి గద! అన్నీ తయారుగ పెట్టిన, అందరినీ అడిగినంకనే మీట నొక్కుదం. పెద్దపల్లి పోయి పొద్దుగూకేసరికి వస్త. అప్పటిదాక ముట్టకుండ్రి."

ముట్టకుండా ఉంటే నేనెందుకవుతాను? ఉద్యోగమంతా బావి గేటు దగ్గర జేబులు తడిమినవాణ్ణి. లోపలికి ఒక్క అగ్గిపెట్టె పోయినా బావే అంటుకుంటుంది. అందుకే దిగేవాడి సద్దిగిన్నె మూత కూడా తీసి చూసేవాణ్ణి. చూస్తే పప్పుకేమైనా సిగ్గా? ఉత్తరమైనా అంతే అనుకున్నాను. పక్క కాలనీల కాపలావాళ్ళకు ఫోన్ చేసి, "మీరు గూడ మా గేటు కిందికే రాండ్రి, తాళం నా చేతుల ఉంటది," అని వాళ్ళనూ కలిపేశాను. తనిఖీ ఎంత గట్టిగా ఉండాలని గేటు అడిగితే, చివరిదాకా తోసి మీట నొక్కాను.

గుంపు ఆగింది. నిజం చెప్పాలి కదా, గేటు గట్టిదే. నేను మీసం దువ్వుతుండగా పక్కింటి సుగుణక్క వచ్చింది. మర్నాడు పొద్దున్నే ఆమెకు కరీంనగర్‌లో ఆపరేషన్. ఆమెది అరుదైన రకం రక్తం. అదే రకమున్న శ్రీరాంపూర్ మల్లేశం సైటులోనే దొరికాడు, ఇస్తానన్నాడు. ఏ దవాఖానకు, ఎన్నింటికి రావాలో మాత్రం ఇంకా చెప్పాల్సి ఉంది.

"తమ్మీ, సైటు తెరుసుకుంటలేదేంది? మల్లేశానికి రాయాలె. నా రోగం వాడకట్టుకంత ఎరుక కావద్దని చాటుగ రాసుకుంటున్న."

"ఫికర్ జెయ్యకక్కా. మనకిప్పుడు గేటుంది. వాళ్ళు విప్పి, చూసి పంపుతరు, గంతే."

"ఏందీ! నా కడుపుల ముచ్చట ఎవడో సూసుడా?"

కంప్యూటర్ ముందు కూర్చుని సైటు తెరిచాను. నువ్వు మనిషివని రుజువు చేసుకో అంది గేటు. మోటార్‌సైకిళ్ళున్న బొమ్మలన్నీ నొక్కమంది. నొక్కాను. తప్పంది.

"గా మూలకు అద్దం ఒక్కటి కనబడ్తంది సూడు," అంది అక్క.

"అద్దం మోటర్‌సైకిల్ ఎట్లయితది? గట్లయితే నా కండ్లద్దాలు గూడ నొక్కాలె!"

"వాదం పెట్టుకోకు, నొక్కు!"

నొక్కాను. మళ్ళీ తప్పే. కంచె చేను మేస్తుందని విన్నాను గానీ, చేను గలవాణ్ణి మనిషే కాదనే కంచెను అప్పుడే చూశాను. ఎవరి గేటు వాళ్ళకుంటే మాదొక్కటే మూసుకునేది. మూడింటినీ ఒక్క తాళంలో ఇరికించిన ఘనత నాదే. ఆ గేటు తీయడం నాకు రాదు, సునీత ఫోన్ ఎత్తడం లేదు. మల్లేశం నంబరు అక్క దగ్గర లేదు, శ్రీరాంపూర్ కాపలావాణ్ణి అడుగుతానంటే ఎందుకని ఆరా తీస్తాడని వద్దంది.

"రేపు రక్తం లేకుంటే వాపసు పంపుతరు తమ్మీ," అంది అక్క మెల్లగా. నా మీసం దానంతటదే కిందికి దిగింది.

పొద్దుగూకే వేళ వాకిట్లో ఒక మోటార్‌సైకిల్ ఆగింది.

"సైటు కాపలా రాజయ్య ఇల్లు గిదేనా?"

"గిదే. నువ్వెవరే?"

"శ్రీరాంపూర్ మల్లేశాన్ని! పొద్దటిసంది నీ గేటు నన్ను మనిషివేనా అని అడుగుతంది. మోటర్‌సైకిల్ సూపియ్యుమంటది. ఇగో, ఎక్కే వచ్చిన, సూస్కో! మనిషిని కాకుంటే రేపు సుగుణక్క ఆపరేషన్‌కు నేనిచ్చేది రక్తమా, డీజిలా?"

వాడకట్టులో ఒక్క తలుపు మూసి లేదు. అందరి నోటా ఒకటే మాట: "సుగుణక్కకు ఆపరేషనా?"

అప్పుడే బస్సు దిగి వచ్చిన సునీత నన్నొక చూపు చూసి గేటు తీసేసింది. మర్నాడు మల్లేశం రక్తమిచ్చాడు, అక్క క్షేమంగా ఇల్లు చేరింది. తర్వాత మూడు కాలనీలవాళ్ళం కూర్చుని మాట్లాడుకున్నాం. ఎవరి తలుపు వాళ్ళే చూసుకోవాలన్నాం. ఇప్పుడు దాడి వస్తే మా పెట్టె ముసలెద్దులా కూలబడి, మళ్ళీ లేస్తుంది. ఆ కుంటినడక అందరం ఒప్పుకున్నదే.

పలకరించడానికి వెళ్తే అక్క మంచం మీది నుంచే అంది: "నీ గేటు పుణ్యాన నా ముచ్చట మల్లేశానికి అందలె గని, గోదావరిఖనికంత అందింది తమ్మీ!"

కనుక బొగ్గు మీద ఒట్టేసి ప్రమాణం చేస్తున్నాను: నలుగురినీ అడగకుండా ఈ జన్మలో ఏ మీటా నొక్కను. ఉక్క పోస్తున్నా సరే, మా ఇంట్లో ఫ్యాను వేయడానికి ఇప్పుడు మీటింగు పెడుతున్నాను.