అడగని ప్రశ్నలకు జవాబులు

ప్రొద్దుటూరులో పరుపులు కుట్టే మౌలాలి ఏనాడూ విమానం ముఖం చూసినవాడు కాడు. అయినా కువైట్‌కు పోయే ప్రతివాడికీ విమానాశ్రయంలో ఆఫీసర్ల ముందు ఎలా నిలబడాలో నేర్పే గురువు ఆయనే. గడ్డానికి అంటిన దూదిని పట్టించుకోకుండా, చేతిలోని దబ్బనం ఆడిస్తూ, "అడిగిందానికే చెప్పాల. నవ్వగూడదప్పా. కండ్లల్లోకి సూడాల," అని పాఠం చెప్పేవాడు.

కువైట్‌లో ఉన్న కూతురు ఇరమ్ మూడు నెలలకు విజిట్ వీసా పంపడంతో గురువుగారికే పరీక్ష వచ్చింది. ఇస్త్రీ చొక్కా వేసుకుని, పాస్‌పోర్టును రెండు చేతులా పట్టుకుని విమానాశ్రయంలో కౌంటరు ముందు నిలబడ్డాడు. ఆఫీసరు తలైనా ఎత్తకుండా ముద్ర వేయబోయాడు. ఇన్నేళ్ల విద్యకు ఇంత అవమానమా అనిపించింది మౌలాలికి.

"ఏమీ అడగరేంది సార్? నేనాడ పని చేసేకి పోవడంల్యా. అబద్ధం చెప్పే మనిషిని కాదు," అన్నాడు.

ఆఫీసరు అప్పుడు తలెత్తాడు. పక్క గదిలో కూర్చోబెట్టి రెండు గంటలు ఆయన కోరిక తీర్చారు. నేర్చిన జవాబులన్నీ ఒకదాని మీద ఒకటి పడి, ఏది దేనికో తెలియకుండా పోయింది. బయట ఆయన విమానానికి చివరి పిలుపు వినిపిస్తోంది.

"పని చేయకుండా మూడు నెలలు అక్కడేం చేస్తావయ్యా?" అని విసుక్కున్నాడు ఆఫీసరు.

ఈ ప్రశ్న పాఠాల్లో లేదు.

"మనమరాలిని ఎత్తుకుంటా సార్. పుట్టి నాలుగేండ్లాయ. ఫోన్లో సూడడమే గానీ యానాడూ ఎత్తుకోల్యా."

ముద్ర పడింది.

తిరిగొచ్చాక మౌలాలి పాఠం మార్చేశాడు. ఇప్పుడు పెళ్లికాని మగవాళ్లకు కూడా మనమరాలి జవాబే బట్టీ పట్టిస్తున్నాడు.