తాతబాబు కట్టిన వేపమండలు

తాతబాబుకి అక్షరం ముక్క రాదు. అయినా సబ్బవరం చుట్టుపక్కల పొలాలకి పురుగుమందు కొట్టేవాళ్లలో డబ్బా మీది కాగితాన్ని తిప్పి చూసేవాడు అతనొక్కడే. చదువొచ్చిన రైతులు కూడా చూడరు. కాలేజీ మానేసి రెండేళ్లు పురుగుమందుల కొట్లో కూర్చున్నాను కాబట్టి ఆ సంగతి నాకు తెలుసు. కాగితం మీద, అన్నిటికంటే గట్టి విషమని చెప్పే ఎర్ర గుర్తు కనపడితే డబ్బాని ఒంటికి ఎడంగా పట్టుకుని నడిచేవాడు.

అంతకుముందు విశాఖ పోర్టులో ఎరువుల ఓడల దగ్గర కలాసీ. పదేళ్లు మూటలు మోశాక దగ్గు పట్టుకుంది. ఊరికి వచ్చేసి, భుజాన తగిలించుకునే పంపు ఒకటి కొనుక్కున్నాడు. ముందురోజు సాయంత్రం పొలం చూడనిదే మర్నాడు ఆ పంపు ఎత్తడు. నుయ్యి ఎటుంది, పశువులు ఎటు తిరుగుతాయి, కాయ ఎప్పుడు కోస్తారు, అన్నీ అడుగుతాడు.

"రేపు మందు, ఎల్లుండి కోతంటే నాను రాను బావా. ఇంకోణ్ణి సూసుకో" అని మొహం మీదే చెప్పేస్తాడు.

తెల్లారగట్ల మొదలుపెట్టి, సముద్రపు గాలి లేచేసరికి ఎంత మడి మిగిలినా ఆపేస్తాడు. మందు కర్రతోనే కలుపుతాడు. ఖాళీ డబ్బాకి గునపంతో చిల్లు పొడిచి పాతిపెడతాడు. పెట్టకపోతే అందులో మంచినూనె పోసుకునే మహానుభావులు మా ఊళ్లో ఉన్నారు. డబ్బా మీది కాగితం మాత్రం ఊడదీసి, కోత అయ్యేదాకా జేబులో ఉంచుకుంటాడు.

చివరగా పొలం నాలుగు మూలలా పసుపు గుడ్డతో వేపమండలు కట్టేవాడు. ఎవరింట్లోనైనా అమ్మవారు పోస్తే గుమ్మానికి వేపమండ కడతారు, పరాయివాళ్లు లోపలికి రారు. పొలానికీ ఆ గుర్తే చాలనుకున్నాడు. భలే ఆలోచన అని మెచ్చుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను.

డెబ్బై తొమ్మిది వేసవిలో మా ఊరి రైతు జగ్గారావు వంగతోటకి తాతబాబు ఎర్ర గుర్తు మందు కొట్టాడు. మండలు కట్టి, చెరువు అవతల బోరింగు దగ్గర ఒళ్లు కడుక్కోడానికి వెళ్లాడు. ఆ తోట పక్క బాటనే సన్యాసమ్మ వచ్చింది. రోజూ పూర్ణా మార్కెట్‌కి కూరగాయల గంప మోసే మనిషి. ఆ వారం మార్కెట్‌కి పోవడం లేదు. కూతురు గౌరీశ్వరికి అమ్మవారు పోసింది. చల్లబరచమని అమ్మవారికి పెట్టడానికి పెరుగు కలిపిన చద్దన్నం, చెంబుతో పసుపునీళ్లు పట్టుకుని గుడికి బయల్దేరింది.

దారిలో వేపమండ, పసుపు గుడ్డ కనిపించాయి. అమ్మవారు తన కోసమే ఎదురొచ్చిందనుకుంది. ఇంకా తడారని మొక్కల్ని రాసుకుంటూ నాలుగు మూలలా తిరిగి, పసుపునీళ్లు పోసి, పెద్ద వంగాకులు తెంపి వాటిలో అన్నం పెట్టింది. దండం పెట్టుకుని కొంత ప్రసాదం అక్కడే తింది. మిగతాది కూతురి కోసం కొంగున కట్టుకుంది.

తాతబాబు మధ్యాహ్నం సన్యాసమ్మ వాళ్ల వీధిలోంచి పోతుంటే ఆమె తన ఇంటి అరుగు మీద పడి వాంతులు చేసుకుంటోంది. నోటంట చొంగ కారుతోంది. చుట్టూ ఆడవాళ్లు విసనకర్రలతో విసురుతున్నారు.

"ఎండదెబ్బ" అంది ఒకావిడ.

తాతబాబు వంగి ఆమె కళ్లు చూశాడు. కంటిపాప ఆవగింజంత అయిపోయింది, మందు ఒంట్లోకి పోయినవాళ్లకి అయినట్టు.

"అప్పా, జగ్గారావు తోటలోకెల్లావా?"

"అమ్మోరికి... సద్ది పెట్టాను" అంది.

"గౌరికెట్టావా?"

ఆమె ఉట్టి వైపు చెయ్యి చూపించింది. తాతబాబు ఆ మూట తీసి మట్టిలో పూడ్చేశాడు. గౌరీశ్వరి ఇంకా తినలేదు. "బట్టలిప్పి సబ్బెట్టి కడగండర్రా. మీ సేతులకి సంచులేసుకోండి" అని ఆడవాళ్లకి చెప్పి, మార్కెట్‌కి పోయే లారీని ఆపడానికి పరిగెత్తాడు.

జగ్గారావు లారీ దగ్గరికే వచ్చాడు. "పాసిపోయిన అన్నం తిందని సెప్పు. నా తోట పేరెందుకు? మందు కొట్టినోడివి నువ్వు, నీకేటి లాభం?"

"లాభం నేదు. డాట్టరుకి ఏ మందో తెలవాల గదా" అన్నాడు తాతబాబు. ఆమె తలని తన తొడ మీద పెట్టుకుని కాయల బస్తాల మధ్య కూర్చున్నాడు. పెందుర్తి దాటేసరికి ఆమె చేతులు అదరడం మొదలెట్టాయి. పట్నం ఆసుపత్రిలో జేబులోంచి కాగితం తీసిచ్చి, "నానే కొట్టాను బాబూ" అన్నాడు. డాక్టరు కాగితం చదివి, వెంటనే విరుగుడు సూది వేశాడు. రెండు రోజులపాటు వేస్తూనే ఉన్నాడు.

మూడోరోజు సన్యాసమ్మ లేచి కూర్చుని గంజి అడిగింది. తాతబాబు మంచం పక్కన నేల మీదున్నాడు.

"ఏ గుర్తెడితే మీ ఆడోళ్లు దాటరు, సెప్పప్పా. పాత సెప్పులు కడితే?"

"దిష్టికి కట్టారనుకుంటాం."

"ఎర్రగుడ్డ?"

"పార్టీ మీటింగనుకుంటాం." ఆమె గంజి తాగి గిన్నె కింద పెట్టింది. "గుర్తులెందుకురా తమ్ముడా, నోరు నేదేటి నీకు? నాలుగిళ్లకొచ్చి సెప్తే సచ్చిపోతావా?"

తాతబాబుకి అది పంపు మోయడం కంటే కష్టం. మాటలు తక్కువ మనిషి. అయినా ఆ తర్వాత మందు కొట్టే ప్రతిసారీ ముందురోజు సాయంత్రం ఇంటింటికీ వెళ్లి ఏ తోటకి కొడుతున్నాడో, ఎన్ని రోజులు అటు పోకూడదో చెప్పేవాడు. మొదట్లో గుమ్మం ముందు నిలబడి గొంతు సవరించుకోవడంతోనే సరిపోయేది.

"మందు కొడతన్నావా, ఓట్లడగతన్నావా?" అని జగ్గారావు నవ్వాడు. నవ్వినా మందుకి అతన్నే పిలిచాడు.

ఓ సాయంత్రం అతని వెనకే నేనూ తిరిగాను. చివరి ఇల్లు గురువమ్మది. ముసలావిడకి చెవుడు. తాతబాబు రెండుసార్లు గట్టిగా చెప్పాడు. ఆవిడ నవ్వి, మజ్జిగ తాగమంది. మజ్జిగ తాగేశాక కూడా అతను కదల్లేదు. అరుగు మీదే కూర్చున్నాడు. పట్నం బస్సు వచ్చింది. ఆవిడ కోడలు ఖాళీ గంప చంకన పెట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"జగ్గారావు తోటకి రేపు మందమ్మా. ఏడు రోజులు అటెల్లకండి. మీ అత్తకి సైగ సేసి సెప్పు" అన్నాడు.

ఆ పిల్ల ఏడు వేళ్లు చూపించింది. ముసలావిడ తల ఊపింది. అప్పుడు లేచాడు.