పడవకి పెట్టిన బొట్టు

పడవల మేస్త్రిగారు పోయారన్న కబురు ఫోనులో వచ్చింది. అప్పటికి మా చెక్క పడవ గోదారి ఒడ్డున బోర్లా పడుకుని ఉంది. అడుగు చెక్కలు రెండు మెత్తబడిపోతే, మేస్త్రిగారు వస్తారని వారం రోజులుగా ఎదురు చూస్తున్నాం. ఫోను చేసింది వాళ్ళ కోడలు. "మావయ్యగారు నిద్రలోనే పోయారండి. మీ పడవ సంగతి మొన్న కూడా అడిగారు" అంది. వెళ్ళి ఆ పడవ పక్కన కూర్చుని ఏడ్చాను. నిజం చెప్పాలంటే కొంత మేస్త్రిగారి కోసం, కొంత పడవ కోసం.

మాది గోదారిలో చేపలు పట్టుకుని బతికే సంసారం. మా ఆయన వల వేస్తారు, నేను తెడ్డు వేస్తాను. ఆషాఢంలో ఎర్రనీరు వచ్చి, దానికి ఎదురీదుతూ పులస వచ్చే ఆ కొన్ని వారాలే మాకు అసలు పంట. ఆ వేళకి పడవ నీళ్ళలో లేకపోతే ఆ ఏడాది లేనట్టే. మా రేవులో అందరూ ఫైబర్ పడవలకి మారిపోయారు. చెక్క పడవ మాదొక్కటే మిగిలింది. అది మా మావగారు చేయించింది. నాకు దాని మీద మమకారం ఎక్కువ, మా ఆయనకి విసుగు ఎక్కువ.

ఐదేళ్ళ కిందట అడుగు మొత్తం పాడైనప్పుడు మేస్త్రిగారు మొదటిసారి మా రేవుకి వచ్చారు. సైకిలు హ్యాండిల్‌కి గోనెసంచి, అందులో చెక్కని చెక్కే బాడిస, ఉలి, సుత్తి. వచ్చీ రాగానే పడవ ఎవరిదని అడగలేదు. ఇందులో ఎవరెక్కడ కూర్చుంటారని అడిగారు. మా ఆయన తన చోటు చూపించారు. "మరి అమ్మాయిగారో?" అన్నారు నావైపు తిరిగి. వెనక చివర, చేపల బుట్ట పక్కన అన్నాను. "ఆయ్, అయితే అక్కడ దిట్టమైన చెక్క వెయ్యాలి. బరువు రోజూ అక్కడే పడుద్ది" అన్నారు. అప్పటికి పన్నెండేళ్ళుగా ఆ పడవలో కూర్చుంటున్నాను, నేనెక్కడ కూర్చుంటానని అడిగిన మనిషి లేడు. ఆ పూట చింతచిగురు వేసి రొయ్యలు వండి పెట్టాను.

పాత చెక్కలు ఊడదీసి, కొత్తవి కొలిచి, కోసి, బిగించడానికి పద్దెనిమిది రోజులు పట్టింది. మా ఆయన చెక్క పట్టుకుని పక్కనే నిలబడేవారు. మేస్త్రిగారు ప్రతి చెక్కనీ వేలి కణుపులతో కొట్టి, చెవి ఆనించి వినేవారు. మధ్యాహ్నం అన్నం తిన్నాక పడవ కిందే కునుకు తీసేవారు. ఇంటి అరుగు మీద పడుకోండి అంటే, దీని నీడ చల్లగా ఉంటదమ్మా అనేవారు. నాకేమో కంగారు. ఎగువన వానలు మొదలయ్యాయని, పోలవరం దగ్గర నీటి రంగు మారుతోందని ఎవరో ఒకరు వచ్చి చెప్పేవారు. ఇంకా ఎన్నాళ్ళని రోజూ సతాయించేదాన్ని. ఆయన విసుక్కునేవారు కాదు. "నీళ్ళకి తొందరుంటదమ్మా, చెక్కకి ఉండదు" అనేసి మళ్ళీ బాడిస అందుకునేవారు.

చెక్కల సందుల్లో గుగ్గిలం పట్టించిన నూలు కూరడం అయ్యాక అసలు పరీక్ష. పడవని నీళ్ళలో పెట్టి చూడరు. పడవలోనే నీళ్ళు పోస్తారు. దుంగల మీద నడుమెత్తున నిలబెట్టి, లోపల బిందెలతో నీళ్ళు నింపి, కిందకి దూరి వెల్లకిలా పడుకుని చూడాలి. ఎక్కడ నీటి బొట్టు దిగితే అక్కడ కారుతున్నట్టు. మేస్త్రిగారు అలా చూసి, కారిన చోటల్లా పసుపు బొట్టు పెట్టారు. ఏడు బొట్లు. నీళ్ళు తోడించేసి, నూలు అయిపోయిందని నిడదవోలు వెళ్ళారు.

ఇదంతా జరిగేటప్పుడు నేను ఎండుచేపలమ్మడానికి వెళ్ళాను. తిరిగొచ్చి చూస్తే పడవ అడుగున పసుపు బొట్లు. గంగమ్మకి పూజ మొదలుపెట్టి మధ్యలో వదిలేశారు కాబోలు అనుకున్నాను. ఇక్కడొకటి, అక్కడొకటి, ఒక వరసా పాడూ లేదు. మగవాళ్ళ పని ఇంతే అని గొణుక్కుంటూ స్నానం చేసి, గిన్నెడు పసుపు కలుపుకొచ్చి, ఈ చివర నుంచి ఆ చివర దాకా ప్రతి అతుకు మీదా జానెడుకొకటి చొప్పున పెట్టాను. కుంకుమ కూడా అద్దాను. మెడ పట్టేసింది కానీ, ఎంత ముచ్చటగా ఉందో!

మేస్త్రిగారు వచ్చి కిందకి వంగారు. చాలాసేపు లేవలేదు. మా ఆయనకి విషయం అర్థమై నామీద విరుచుకుపడ్డారు. పుణ్యకాలం గడిచిపోతోంది, నీ భక్తి తగలెయ్య అన్నారు. నాకు భూమిలోకి కుంగిపోయినట్టయింది. అంతలో పడవ కింద నుంచి నవ్వు వినపడింది. మేస్త్రిగారు కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చారు. "అడుగంతా బొట్లు పెట్టేశావు కదమ్మా, పేరంటానికి పంపుతావా ఏంటి దీన్ని?" అన్నారు. మళ్ళీ నీళ్ళు పోయమన్నారు. ఆ మోసే పని నాది.

ఈసారి గుర్తుకి బొగ్గుముక్క తీసుకున్నారు. ఆ ఏడు చోట్లూ మళ్ళీ దొరికాయి. నీళ్ళు పొద్దుటిదాకా ఉంచి ఇంకోసారి చూస్తే ఎనిమిదోది బయటపడింది, సరిగ్గా నేను కూర్చునే చోటు కింద. ముందురోజు అది పొడిగానే ఉందట. నా కుంకుమ మధ్యలోంచి బొట్టుబొట్టుగా దిగుతోంది. మేస్త్రిగారు మా ఆయన్ని చెయ్యి పట్టుకుని కిందకి లాగి మరీ చూపించారు. "అమ్మాయిగారు పొరపాటు చెయ్యకపోతే దీన్ని వదిలేసేవాణ్ణండి. కనపడిందంటే భయం లేదు" అన్నారు. ఎర్రనీరు వచ్చిన రోజుకి తారు ఆరిన పడవ రేవులో ఊగుతోంది. ఆ తరవాత ఏటా చిన్న మరమ్మతులకి వచ్చినప్పుడల్లా, నన్ను చూడగానే పసుపు దాచేసుకుంటున్నట్టు నటించేవారు.

ఇప్పుడాయన లేరు. పెద్దకర్మకి వెళ్ళొచ్చిన రోజు మా ఆయన, ఇక ఫైబర్ పడవే కొందామన్నారు. చెక్క పని తెలిసిన మనిషి ఈ చుట్టుపక్కల ఇంకెవరని అడిగారు. పద్దెనిమిది రోజులు ఆయన పక్కన చెక్క పట్టుకుని నిలబడ్డది ఎవరండీ అన్నాను నేను.  మర్నాడు పొద్దున్నే మా ఆయన ఆ రెండు మెత్తటి చెక్కల్లో ఒకదాన్ని కణుపులతో కొట్టి, చెవి ఆనించి వింటూ కనపడ్డారు.

తొమ్మిది రోజులు పట్టింది. నిన్న నీళ్ళు నింపాం. కారేవి రెండు మూడైతే చూద్దాం, ఎక్కువైతే పడవ అమ్మేద్దామని ఒప్పందం. ఇవాళ పొద్దున్నే పసుపు గిన్నె పట్టుకుని కిందకి దూరి వెల్లకిలా పడుకున్నాను. ఒక్కో అతుకూ చూసుకుంటూ వచ్చాను. అంతా పొడి. చివరికి నేను కూర్చునే చోటు కిందకి వచ్చేసరికి, కొత్త అతుకు దగ్గర ఓ నీటి బొట్టు మెల్లగా ఊరి, ఆగి, సరిగ్గా నా నుదుటి మీద పడింది.

"ఎన్ని?" అన్నారు మా ఆయన బయట నుంచి.

"ఒక్కటేనండి" అన్నాను. నుదురు తుడుచుకోకుండానే, వేలితో పసుపు తీసి ముందు పడవకి బొట్టు పెట్టాను.