కోపానికి వరస

పోయిన శుక్రవారం పొద్దున మా ఇంటావిడ కన్నుమూసింది. జమ్మలమడుగులో ఆమెతో వాదించి గెలిచినవాళ్లు తక్కువ. ఈ కబురు విని ఊపిరి పీల్చుకున్నవాళ్లూ ఉండవచ్చు. వాళ్లు కూడా చదవాలనే ఇది రాస్తున్నాను.

ఆమె పులివెందుల పిల్ల. పేపరు నాకంటే ముందు చదివి, ఆనాటి ముఖ్యమైన వార్త మీద ఒక చింతగింజ పెట్టేది. ఒక్కటే. ఇంకోటి పెట్టకూడదా అంటే, "రెండు పెడితే ఏదీ చూడవు" అనేది.

చైనా సేనలు సరిహద్దు దాటిన కార్తీకంలో మా వీధి పఠన మందిరంలో చర్చ పెట్టాం. నేను కార్యదర్శిని. ఆడవాళ్లు వరండాలో కూర్చున్నారు. చైనా, పాకిస్తాన్ ఇద్దరినీ సమానంగా ఎదుర్కోవాలని అధ్యక్షులైన ప్లీడరుగారు తీర్మానం చదివారు.

వరండాలోంచి ఆమె లేచింది.

"ఇంట్లోకి పాము దూరింది. వాకిట్లో కుక్క మొరుగుతాంది. ఉండేది ఒక కట్టె. దాన్ని రెండు తుంటలు చేస్తావా మామా?"

"ఆడోళ్లకు ఢిల్లీ సంగతులెందుకమ్మా? ఆ సరిహద్దు యాడుందో తెలుసా?" అన్నాడు బట్టల షావుకారు.

"నాకు తెలీదులేప్పా. నువ్వు చెప్పు, విందాం."

అందరూ నవ్వారు. షావుకారు ముఖం కందింది.

"ఇద్దరు కాదు, మూడో శత్రువు ఈడనే ఉండాడు. సభ్యుల పట్టీలోంచి ఈ సాయిబు పేరు కొట్టేయండి!"

ఆయన చూపించింది మా దర్జీని. చదువురాని వాళ్లకు రోజూ సాయంత్రం పేపరు చదివి వినిపించేది ఆయనే. ఆ రోజు పేపరు ఇంకా ఆయన ఒళ్లోనే ఉంది. ప్లీడరుగారు పట్టీ తెరిచి కలం మూత తీశారు.

ఆమె గడప దాటి లోపలికొచ్చింది. ఆడవాళ్లెవరూ అంతకుముందు దాటలేదు.

"కోపానికి వరస ఉండాల. భయపడినోడికే అందరూ శత్రువులు. కొట్టేయాలంటే ముందు మా ఇంటాయన పేరు కొట్టేయ్ మామా."

నన్ను అడగలేదు. నేను వెళ్లి ఆమె పక్కన నిలబడ్డాను. ప్లీడరుగారు కలానికి మూత పెట్టారు.

షావుకారూ ఆయన మనుషులూ రావడం మానేశారు. మరునాడు దర్జీ వచ్చాడు. పేపరు తీసి గొణుగుతున్నట్టు చదివాడు. "గట్టిగా చదువు భాయ్, ఈడికి వినపడల్యా" అంది ఆమె వరండాలోంచి.

తర్వాత పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చింది. "ఇప్పుడేమంటావమ్మా?" అని ఎత్తిపొడిచారు. "ఇప్పుడు ఇంట్లోకి వచ్చింది వీడు. వీడే ముందు. మన వీధిలో వాళ్లతో మాత్రం అప్పుడూ పేచీ ల్యా, ఇప్పుడూ ల్యా" అంది.

శుక్రవారం దర్జీ పాడె పట్టబోతే మా అన్న అడ్డొచ్చాడు.

"సాయిబు భుజమేందిరా? నలుగురూ నవ్వుతారు."

"ముందు ఆయన. తర్వాతే మనం" అన్నాను.

నిప్పుకుండతో నడిచేవాడు వెనక్కి చూడకూడదంటారు. చూశాను. దర్జీ పొట్టి. పాడె ఆయన వైపు ఒరిగింది. మార్చుకుంటామని ఎవరో అన్నా ఆయన భుజం తియ్యలేదు. అలాగే ఒక పక్కకు ఒరిగి, షావుకారు అంగడి ముందు నుంచి, ఆమె పెన్న ఇసుకలోకి దిగింది.