నాది కాని శాలువా

పొద్దున చాయ్ తాగుతూ, నేను ఒకప్పుడు పనిచేసిన దవాఖాన నుంచి వచ్చిన వార్తల పుస్తకం తిరగేస్తుంటే, అత్యవసర వైద్య విభాగం పేజీ దగ్గర చెయ్యి ఆగింది. ఎమర్జెన్సీ మెడిసిన్‌లో పీజీ చేసిన తొలి బ్యాచి పిల్లలంతా పాసయ్యారట, రాష్ట్రస్థాయి పోటీలో మొదటి బహుమతి తెచ్చారట, నార్కట్‌పల్లి చౌరస్తాలో ఆటో డ్రైవర్లకు గుండె ఆగిన మనిషి ఛాతీ ఎలా నొక్కాలో నేర్పారట. ఫోటోలో ఆ పిల్లల మధ్య నిలబడ్డ వాళ్ల మేడంను గుర్తుపట్టగానే చాయ్ సహించలేదు.

మన ఈడు డాక్టర్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో ఈ విభాగం పేరు క్యాజువాలిటీ, అందులో డ్యూటీ అంటే శిక్ష పడ్డట్టే అనుకునేవాళ్లం. తెలంగాణ వచ్చిన కొత్తలో, రిటైర్మెంటు దగ్గర పడుతుండగా, డాక్టరుగా నన్ను అక్కడ వేశారు. ఆ చిరాకంతా నా కింది హౌస్ సర్జన్ల మీద చూపేవాణ్ణి. వాళ్లలో ఈ ఫోటోలోని అమ్మాయి ఒకతె, మెల్లగా మాట్లాడే మనిషి.

ఒక మధ్యాహ్నం మోత్కూరు దగ్గరి పల్లె నుంచి ఒక పత్తి రైతును భార్య ఆటోలో తీసుకొచ్చింది.

"కడుపు పైన మంటంటాండు సారూ, పొద్దటిసంది గిట్లనే చెమటలు."

నేను కుర్చీలోంచి లేవకుండానే గ్యాస్‌కు సూది రాశాను.

"సార్, ఒక్కసారి ఈసీజీ తీద్దామా?" అని ఆ అమ్మాయి అడిగింది.

"నువ్వు పుట్టకముందు నుంచి చూస్తున్న గిసొంటివి. గ్యాస్‌కు ఈసీజీ తీసుకుంట కూసుంటే బయట లైన్ ఎవరు చూస్తరు, మీ నాయిన చూస్తడా?" అన్నాను.

ఆమె తండ్రి దినకూలి అని నాకు తెలుసు. తెలిసే అన్నాను. ఒకరిద్దరు నవ్వారు కూడా. నేను భోజనానికి వెళ్లిపోయాను.

ఆమె నర్సమ్మ సాయంతో ఈసీజీ తీసింది, గుండెపోటని తేలింది, వెంటనే ఇవ్వాల్సిన మాత్రలు ఇచ్చి నాకు ఫోన్ చేస్తే నేనే ఎత్తలేదు. నేను తిరిగొచ్చేసరికి రైతు గుండె ఆగిపోయి, ఆమె స్టూలెక్కి అతని ఛాతీ నొక్కుతోంది. రెండోసారి కరెంటు షాక్ ఇచ్చాక గుండె మళ్లీ కొట్టుకుంది. బయట నిలబెట్టిన భార్యకు లోపల ఏం జరిగిందో తెలియదు. బతికాడని తలుపు తీసి చెప్పింది నేను, అంతే.

హైదరాబాదులో వైద్యమయ్యాక రైతూ అతని భార్యా మా దవాఖానకు వచ్చారు. "నా ఇల్లు నిలవెట్టినవు సారూ" అంటూ రైతు భార్య నా కాళ్లు మొక్కితే వద్దనలేదు. సూపరింటెండెంటు అందరి ముందు నాకు శాలువా కప్పితే భుజాలు వంచి కప్పించుకున్నాను. ఆ అమ్మాయి వెనక వరుసలో నిలబడి చప్పట్లు కొట్టింది. ఇది నేను చేసింది కాదని ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు, ఆమె హౌస్ సర్జన్సీ ముగించి వెళ్లిపోయేదాకా ఆమె కళ్లలోకి చూడనూ లేదు.

పుస్తకం మూసి, నంబరు సంపాదించి ఫోన్ చేశాను. పేరు చెప్పగానే గుర్తుపట్టింది. శాలువా సంగతి ఎత్తి, తప్పయింది తల్లీ అన్నాను.

"శాలువాది ఏమున్నది సార్, మనిషి బతికిండు" అంది. "మా నాయినను అన్న మాటనే యాదికున్నది. అందుకే మా పీజీలు అడ్డం చెప్పినా ముందు వింట."

ఇప్పుడు అక్కడ కొత్త మిషన్లున్నాయి, అందుకోసమే చదువుకున్న డాక్టర్లున్నారు, సీనియర్‌ను ఆపి అడగగల పిల్లలున్నారు. నా రోజుల్లో ఎంతమంది పిల్లలు నా ముఖం చూసి అడగాల్సిన మాట మింగేశారో, సూది వేసి ఇంటికి పంపినవాళ్లలో ఎంతమంది ఇల్లు చేరలేదో, నేను ఎవర్నీ అడగలేదు, నాకెవరూ చెప్పనూ లేదు.