కొత్త తువ్వాల

నిన్న ఫోనులో ఒక ఆహ్వానం వచ్చింది. షోలాపూర్‌లోని మా పాత తెలుగు బడిలో గోడకు పెద్ద డిజిటల్ తెర బిగించారట, ఇకమీదట పాఠాలన్నీ దాని మీదేనట, పాత విద్యార్థులంతా వచ్చి చప్పట్లు కొట్టాలట. చదవగానే ఒళ్లు మండింది. ఆ బడికి యంత్రం రావడం ఇది మొదటిసారి కాదు.

నీలం నగర్‌లో మాది ఒంటిగది ఇల్లు. సగం మరమగ్గానిది, సగం మాది. మగ్గం ఆడినంతసేపూ నూలు నూగు గాలిలో తేలి అన్నంలో, పుస్తకాల్లో, జుట్టులో వాలేది. ఏ ఇంటి పిల్లలమో ఎవరూ అడగనక్కర లేదు, మా తలలే చెప్పేవి. తొంభైల్లో బడికి ఒక కంప్యూటర్ వచ్చింది. దాని బాధ్యత తీసుకున్న మాస్టారు, ఇక చదువుల రూపమే మారిపోతుందని ఉపన్యాసం ఇచ్చి, దుమ్ము పడకూడదని కంప్యూటర్ గది కిటికీలన్నీ మూయించాడు, చెప్పులు బయట విడిపించాడు. దేవుడి గదికి కూడా మేమంత భయపడేవాళ్లం కాదు. ఏడో తరగతిలోంచి పదిమందిని ఎంచుకుని నేర్పుతానన్నాడు. మా అక్క అప్పుడు ఏడో తరగతే. బీడీలు చుట్టే అమ్మ తేల్చి చెప్పింది: "అండ్ల నీ పేరొస్తె ఎనిమిదికి పో. రాకుంటె బీడీల చేట ముందట కూసో."

ఎంపిక రోజు అక్క కుంకుడుకాయతో తలంటుకుంది. ఆ తల మీద మళ్లీ నూగు పడకుండా బాపు మగ్గం ఆపి, అప్పుడే కోసిన కొత్త తువ్వాలను తన చేత్తో చుట్టాడు. ఉతకని తువ్వాల ఎంత నూగు రాలుస్తుందో ఊహ తెలిసినప్పటి నుంచి నేస్తున్న మనిషికి తెలియదా? తెలుసు. బిడ్డ తలకు మంచిది కట్టాలన్న ఆత్రంలో మరిచిపోయాడు.

గది గుమ్మంలో మాస్టారు తువ్వాల విప్పించాడు. తడి జుట్టు నిండా తెల్లటి నూగు. ఐదో తరగతి కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. "ఈ కచ్రా మిషన్ల వడితె ఖరాబయితది. నడువ్ బైటికి," అన్నాడు. అక్క ఏడవలేదు. తువ్వాల మడత పెట్టుకుని వచ్చేసింది.

మర్నాడు బాపు నన్ను వెంటబెట్టుకుని బడికి వెళ్లాడు. కంప్యూటర్ మీద మా గల్లీలో నేసిన చద్దరే కప్పి ఉంది. బాపు గొంతు పెంచలేదు. "గా చద్దరు మేం నేసిందే గద సార్. దానికి లేని కచ్రా నా బిడ్డ నెత్తిల ఏడికెళ్లి వచ్చింది?" అన్నాడు. మాస్టారు రూల్ రూలేనని తలుపు వేసుకున్నాడు. ఆ మనిషి మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు, పోవాలని కూడా లేదు.

ఏడో తరగతి పరీక్షలవగానే అక్క చేట ముందు కూర్చుంది. రెండేళ్లు తిరక్కుండానే ఆ కంప్యూటర్ మూలపడింది, నూగు పడి కాదు, నడిపేవాళ్లు లేక.

ఈ ఆహ్వానం సంగతి చెబుదామని బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో ఉంటున్న అక్కకు ఫోన్ చేశాను. బీడీ ఆకు కత్తిరిస్తున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

"నేనైతె పోను," అన్నాను.

"పో చెల్లె. పోతె మాత్రం నెత్తి దులుపుకొని పో," అంది.

నవ్వుతుందేమోనని ఆగాను. నవ్వలేదు. ఇన్నేళ్ల కాలం అక్క జుట్టంతా నెరిసేలా చేసింది గాని, ఆ రోజు పడ్డ నూగును మాత్రం దులపలేకపోయింది.